ఒకటే గీత

మా ఆస్పత్రి డాబా మీంచి చూస్తే
మూడు కొండలూ కనిపిస్తాయి.
ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద వెంకన్న,
ఒకదాని మీద దర్గా.
ముగ్గురికీ కింద ఉన్నది ఒకటే కాలవ,
ఓడలొచ్చే దారి.

బుధవారం ఓపీ.
నూకరత్నం అని పిలిస్తే ముగ్గురు లేచారు.
నాక్కావలసినామె మాత్రం లేవలేదు.
చివరి బెంచీలో, కొంగు కింద చేతులు దాచుకుని.
రొయ్యల కంపెనీలో ఐసునీళ్ళ పని, పదకొండేళ్ళుగా.
ఎంత తోమినా వాసన పోదట.

"ఎన్నాళ్ళయింది?"
"గంగమ్మ పండక్కి ముందర సూసుకున్నాను సిస్టరమ్మా,
రెండు గీతలొచ్చినాయి."
"పిల్లలు?"
"ముగ్గురు. కడపటోడికి గుండెలో సిల్లు."
ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.
అడగడానికి అక్కడ చాలామంది ఉన్నారు.

కౌంటర్లో సన్యాసినాయుడు అడిగాడు, మొగుడేడని.
బోటెక్కి పద్దెనిమిది రోజులు.
అత్త అడిగింది, అమ్మోరికేం జవాబు సెప్తావే అని.
ఒళ్ళో బైబిలు సంచితో పక్క బెంచీ ఆవిడ
ఎవర్నీ అననట్టు
ఒక వాక్యం ఫ్యానుకేసి చెప్పింది.
కొత్త హౌస్ సర్జన్ కుర్రాడు
"పాపం కదా సిస్టర్" అన్నాడు నెమ్మదిగా.
జాలిపడ్డాడో, తప్పంటున్నాడో.
మన భాషలో రెంటికీ ఒకటే మాట.
తను ఏది అన్నాడో ఆ కుర్రాడికీ తెలిసినట్టు లేదు.

వేలిముద్ర పడలేదు.
నీలం మచ్చ పడింది, అందులో ఒక్క గీతా లేదు.
క్లోరిన్ నీళ్ళు తినేశాయి.
"రేషను మిసనూ ఇలాగే అంటాదమ్మా,
నాను నాను కాదని."
చెల్లదు, మొగుణ్ణి తీసుకురా, అన్నాడు నాయుడు.

ఆ కాగితం నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.
అడుగున సంతకానికి ఒకటే గీత ఉంటుంది.
భర్తకని లేదు, అత్తకని లేదు,
కొండల మీదివాళ్ళకీ జాగా వదల్లేదు.
ఆ గీత గీసిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది ఒక్కోసారి.
ఒక్కోసారి మాత్రం

నా పేరు ఫిలోమినా.
ఆదివారం ఆదివారం రాస్ కొండ ఎక్కుతాను.
ఆరో నెలలో పోయిన నా బిడ్డకి
పేరు పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.
క్రిస్మస్‌కి ఒక కొవ్వొత్తి ఎక్కువ కొంటాను.
కాబట్టి, అదేముంది రక్తపు ముద్దే కదా అని
నాతో ఎవరూ అనకండి.
అంతా తెలిసే
నూకరత్నానికి నా జేబులో పెన్ను తీసిచ్చాను.

కూతురు నేర్పిందట పేరు రాయడం.
"నూ" కొమ్ము వలతాడులా సాగి
పక్క గడిలోకి పాకింది.
"త" కింద వత్తు దగ్గర ఆగిపోయి
పెన్ను మూతి కొరికి, ఆలోచించి,
మళ్ళీ వంగింది.
నాలుగక్షరాలకి పావుగంట.
వెనక లైను గొణిగింది. కాలవలో ఏదో ఓడ కూసింది.
ఆ పావుగంటా ఎవరూ ఆమెని ఏమీ అడక్కుండా
అడ్డంగా నిలబడ్డాను.
నేను కాస్త వెడల్పు మనిషిని.

సాయంత్రం పదకొండో నంబరు మంచం మీద
గోడవైపు తిరిగి ఏడుస్తోంది.
"తప్పు చేశాననిపిస్తోందా?"
"తప్పని కాదమ్మా."
"మరి?"
"ఏడుపొత్తంది. తప్పయితేనే ఏడవాలేటి?"
దుప్పటి సరిచేశాను. నా దగ్గరున్న జవాబు అదే.

శనివారం పాపసంకీర్తనం.
ఆటోవాణ్ణి తిట్టాను ఫాదర్.
చెల్లెలి కొత్తింటిని చూసి కుళ్ళుకున్నాను.
ఒకరోజు జపమాల మానేశాను.
"ఇంకేమైనా?"
జల్లెడకి అవతల ఆయన ఊపిరి,
ఇవతల నాది.
కిటికీ ఊచల మీద పోర్టు నుంచి వచ్చిన ఎర్రటి దుమ్ము.
దాయాలని కాదు.
ఆ కుర్రాడన్న మాటలో
నాది ఏ సగమో
నాకింకా తేలలేదు.

"ఇంతే ఫాదర్" అన్నాను.